పెరటి పండ్లు ఇంటికి దక్కవలెనన్న
కోతులు, గబ్బిలములు, ఉడుతల బెడదకు కొన్ని ఉపాయములు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. నేడు అనేక గ్రామములలో ఆ చెట్టు తినుటకును పనికిరాకుండ పోవుచున్నది. జామ కాయును, కోతి కోయును. సపోటా పండును, గబ్బిలము తినును. దానిమ్మ ఎఱ్ఱబడును, ఉడుత తొలుచును. ఏడాది పొడుగున నీరు పోసిన ఇంటివారికి ఆకులు ఊడ్చుకొను పని మాత్రము మిగులును. రెండు మూడు సంవత్సరములు ఇట్లు జరిగిన పిమ్మట విసిగి, కాపుకు వచ్చిన చెట్టును మొదలంట నరికివేసిన వారిని మీరును చూచియుందురు.

చెట్టును నరుకుటకు ముందు ఒక్కమాట ఆలోచింపుడు. పెరటిలోని జామ, బొప్పాయి, సీతాఫలము ఆ ఇంటి పిల్లలకు కొనకుండ దొరకు పోషణ. చెట్టు పోయిననాడు ఆ పండు సంత నుండి రావలెను. అది అన్ని ఇండ్లకు రాదు. జంతువులన్నిటిని తరిమివేయుట ఎవరి తరమును కాదు. అయితే పండు పక్వమునకు వచ్చు ఆ కొద్ది దినములు దానిని వాటికి అందకుండ చేయుట మన చేతిలో ఉన్నది. ఆ ఉపాయములనే ఇచ్చట తెలుపుచున్నాము.

మొదట దొంగను గుర్తింపుడు

అన్ని నష్టములకు ఒకే మందు లేదు. చెట్టుక్రింద పడినదానిని చూచి, వచ్చినది ఎవరో తెలిసికొనవలెను.

కోతులు పగటిపూట గుంపుగా వచ్చును. పచ్చికాయలను సైతము తెంపి, ఒక్క కొరుకు కొరికి పారవేయును. కొమ్మలు విరుగును. తిన్నదానికంటె పాడుచేసినది ఎక్కువగా ఉండును.

గబ్బిలములు రాత్రి వచ్చును, పండినవానినే కోరును. పండును నమిలి రసము మ్రింగి, పిప్పిని ముద్దగా ఉమియును. తెల్లవారి చెట్టుక్రింద ఎండిన పిప్పి ముద్దలు కనబడిన, వచ్చినది గబ్బిలమని తెలియవలెను.

ఉడుత పగలు వచ్చి ఉలితో చెక్కినట్లు చిన్న రంధ్రము చేసి, లోపలి గింజలు తినును. ఎలుక పని రాత్రిది. కొబ్బరిచెట్టు పైననే ఉండి లేతకాయలకు తొడిమ దగ్గర రంధ్రము చేయును. అట్టి కాయలు క్రింద రాలును.

చిలుకలు ఉదయము, సాయంకాలము వచ్చును. జామకాయ కొమ్మకు వ్రేలాడుచుండగనే సగము తిని మరియొక కాయకు పోవును.

దానిమ్మ విషయములో మరొక జాగ్రత్త అవసరము. కాయకు గుండ్రని చిన్న రంధ్రము ఉండి, దానివద్ద పురుగు విసర్జన కనబడిన అది ఉడుత పని కాదు, కాయతొలుచు పురుగు పని. దానికి చేయవలసిన చికిత్స వేరు.

కొంచెము ముందుగా కోయుడు

ఖర్చులేని ఉపాయములలో ఇది మొదటిది. గబ్బిలములు, ఉడుతలు, చిలుకలు వాసనను, రంగును, మెత్తదనమును చూచి వచ్చును. అనేక ఫలములు చెట్టుమీద పండనక్కరలేదు. కాయ పక్వమునకు వచ్చిన పిదప కోసి ఇంటిలో మాగవేసిన రుచి చెడదు.

మామిడికాయ తొడిమకు ఇరుప్రక్కల భుజములు నిండి, తొడిమ గుంటలో దిగినట్లు కనబడినప్పుడు కోయవచ్చును. సపోటాను గోటితో గీరి చూడుడు. క్రింద పచ్చరంగు కనబడిన ఇంకను ఆగవలెను, లేత పసుపు కనబడిన కోయవచ్చును. సీతాఫలము కన్నులు విచ్చుకొని, వాని నడుమ చారలు తెల్లగానో పసుపుగానో మారినప్పుడు కోసి గడ్డిలో ఉంచిన కొద్ది దినములలో పండును. బొప్పాయికి ఒక పసుపు చార రాగానే కోయవలెను. అరటికాయ కోణములు పోయి గుండ్రబడిన గెల దింపవచ్చును.

దానిమ్మకు ఈ పద్ధతి చెల్లదు. కోసిన పిదప అది పండదు. కనుక దానిని చెట్టుమీదనే కప్పి కాపాడవలెను.

మాగవేయుటకు వరిగడ్డి చాలును. కార్బైడు వాడరాదు. ఆ విధముగ పండ్లు మాగబెట్టుట ఆహార భద్రతా నిబంధనల ప్రకారము నిషిద్ధము, ఆరోగ్యమునకు హానికరము.

కాయకు సంచి, చెట్టుకు వల

ఉడుతలు, చిలుకలు, పండు ఈగల నుండి కాపాడుటకు కాయకు సంచి తొడుగుట మంచిది. జామ, దానిమ్మ కాయలు నిమ్మకాయంత అయినప్పుడు, మామిడి కోడిగుడ్డంత అయినప్పుడు తొడుగవలెను. మందపు గోధుమరంగు కాగితము గాని, గాలి ఆడు గుడ్డ గాని తగినది. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో చెమ్మపట్టి కాయ కుళ్ళును. తొడుగుటకు ముందు కాయ పొడిగా ఉన్నదా, పురుగు లేదా అని చూడవలెను. లోపల పురుగు ఉండగా సంచి కట్టిన దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్లగును. సంచి మూతిని కాడకు వదులుగా చుట్టి కట్టి, నీరు నిలువకుండ అడుగు మూల కొంచెము కత్తిరింపవలెను.

గబ్బిలములకు వల మేలైన ఉపాయము. అయితే వదులుగా వ్రేలాడు నైలాను వలను చెట్టుపై పారవేయరాదు. అందులో పక్షులు, గబ్బిలములు, పాములు చిక్కుకొని చచ్చును. వానిని విడిపింపబోయిన మనకును ప్రమాదము. చెట్టు చుట్టును వెదురుకఱ్ఱలు పాతి, చిటికెనవ్రేలు దూరనంత చిన్న కన్నుల వలను బిగువుగా లాగి కట్టవలెను. పాత దోమతెర కొద్దిపాటి చెట్టుకు సరిపోవును.

ఇందుకు చెట్టు పొట్టిగా ఉండవలెను. జామ క్రొత్త చిగుళ్ళపై పూయును గనుక ఏటేట కత్తిరించిన కాపు తగ్గదు. చెట్టు చేతికందు ఎత్తున ఉండును. ఇరువది అడుగుల చెట్టుకు కాపలా కష్టము, తలయెత్తు చెట్టుకు సులభము. క్రొత్తగా నాటువారు ఈ సంగతిని మొదటి ఏటనే తలచవలెను.

కొబ్బరికి రేకు పట్టీ

నేలనుండి సుమారు 2 మీటర్ల ఎత్తున కొబ్బరిమాను చుట్టును 40 సెంటీమీటర్ల వెడల్పు గల నున్నని రేకును చుట్టిన, ఎలుకలు, ఉడుతలు జారి పైకి పోలేవు. అయితే ప్రక్కచెట్టు మట్టలు గాని, ఇంటి కప్పు గాని, తీగలు గాని ఆ చెట్టును తాకుచుండిన రేకు వ్యర్థము. ముందుగా ఆ వంతెనలను తెంపవలెను. చెట్టుమొవ్వును శుభ్రముగా ఉంచిన ఎలుక గూడు కట్టుటకు చోటు తగ్గును.

కోతుల సమస్య ఒక్క ఇంటిది కాదు

కోతికి సంచి అడ్డు కాదు. దానిని చింపి పారవేయును. పెద్దపులి బొమ్మ గల ఫ్లెక్సీకి కొద్ది దినములు బెదరును, పిదప దానిపైననే కూర్చుండును. బెదిరింపు ఏదైనను మార్చుచు ఉండవలెను, మనిషి అలికిడి దానికి తోడు కావలెను. మిక్కిలి విలువైన ఒకటి రెండు చెట్లకు పైకప్పుతో కూడిన ఇనుప జాలి గూడు కట్టుట ఒక్కటే నమ్మదగిన అడ్డు. నిమ్మ, కరివేపాకు, పసుపు, అల్లము, మిరప వంటివానిని కోతులు అంతగా ముట్టవు. కోతుల దారిన ఉన్న అంచులలో ఇట్టివి నాటి, పండ్ల చెట్లను ఇంటికి దగ్గరగా, కంటికి కనబడు చోట పెట్టుకొనుడు.

అసలు కోతి ఊరికి ఏల వచ్చినది? ఊరిలో సులభముగా తిండి దొరకుటచేత. గుడివద్ద అరటిపండ్లు, కొబ్బరిచిప్పలు పెట్టుదుము. చెత్తకుప్పలో ఎంగిలి వేయుదుము. రాలిన పండ్లను చెట్టుక్రిందనే వదలుదుము. ఒక వీధిలో పెట్టి మరియొక వీధిలో కొట్టిన అది ఊరు విడిచి పోదు. కావున ఈ పని పంచాయతీ చేయదగినది. కోతులకు తిండి పెట్టరాదని తీర్మానింపవలెను. చెత్తకు మూతగల తొట్లు పెట్టవలెను. కాపు దినములలో వీధివారు వంతులు వేసికొని ఉదయము, సాయంకాలము కావలి కాయవలెను.

పట్టించి ప్రక్క ఊరి పొలిమేరలో వదలుట పరిష్కారము కాదు. బెడద చోటు మారును, అంతే. పట్టుట తప్పనిసరియైనచో పంచాయతీ అటవీశాఖకు వ్రాయవలెను. కోతులకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేయు కేంద్రమును తెలంగాణలోని నిర్మల్ వద్ద 2020 డిసెంబరులో ప్రారంభించిరి. ఊరి బయట బంజరులలో మేడి, రావి, మర్రి, నేరేడు నాటుట దీర్ఘకాలపు పని. ఫలితము మెల్లగా వచ్చును గాని, అడవి తిండి అడవివద్దనే దొరకునట్లు చేయుటకు అదే మార్గము.

కొన్ని ఊళ్ళలో కోతులను తరుముటకు కొండముచ్చును తెచ్చి కట్టివేయుచున్నారు. కొండముచ్చును బంధించి ఉంచుట నేరము. అదియును పండ్లు తినునదే.

చేయరాని పనులు

నష్టము కలిగినప్పుడు కోపము వచ్చుట సహజము. కాని ఆ కోపములో చేయు కొన్ని పనులు పండుకంటె విలువైనదానిని పోగొట్టును.

కరెంటు తీగ: అడవి పందులు అరటి, బొప్పాయి మొక్కలను పెకలించునని కంచెకు నేరుగా విద్యుత్తు కలుపుదురు. చీకటిలో ఆ తీగను త్రొక్కునది పంది కావచ్చును, పొరుగు రైతు కావచ్చును, కట్టినవాని బిడ్డయే కావచ్చును. ఇట్టి మరణములు మన గ్రామములలో మరల మరల జరుగుచునే ఉన్నవి. అది నేరము, జైలుకు దారి. పందులకు ఇనుప జాలి కంచె వేసి, దాని అడుగును ఒక అడుగు లోతున పూడ్చుడు. లేదా వాక్కాయవంటి ముండ్ల మొక్కలతో దట్టముగా జీవకంచె పెంచుడు. వాక్కాయ కంచెయును అగును, పచ్చడికిని వచ్చును.

విషము, నాటుబాంబు: పండులో విషము గాని, మందుగుండు గాని పెట్టిన అది కుక్కకో, ఆవుకో, ఆడుకొను పిల్లలకో చిక్కవచ్చును. 2020 మే నెలలో కేరళలో మందుగుండు దాచిన కాయను కొరికి ఒక చూలు ఏనుగు మరణించిన సంగతి దేశమంతట తెలిసినదే.

కార్బైడు తుపాకి: కోతులను బెదరించుటకు పైపులతో చేయు ఈ సాధనము ప్రేలి, 2025 దీపావళినాడు మధ్యప్రదేశ్‌లో అనేకమంది పిల్లల కన్నులు దెబ్బతిన్నవి. దీనిని ఇంటిలోనికి రానీయరాదు.

చట్టమును గూడ తెలిసికొనవలెను. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నుండి ఉన్నది. 2022 లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన మార్పుల ప్రకారము, తలపై టోపీవంటి జుట్టును, ఒడలికంటె పొడుగైన తోకను గల మన దక్షిణాది కోతి మొదటి షెడ్యూలులో చేరినది. పొట్టితోక గల ఉత్తరాది కోతిని షెడ్యూళ్ళ నుండి తొలగించిరి. అయినను ఏ జంతువును హింసించినను 1960 నాటి జంతు హింస నివారణ చట్టము వర్తించును.

ఆరోగ్యము మరువరాదు

గబ్బిలమో, మరి ఏ జంతువో కొరికిన పండును పిల్లలకు పెట్టరాదు. ‘పాడైనంతవరకు కోసి మిగిలినది తినవచ్చును’ అనుట పొరపాటు. నిపా వ్యాధి క్రిమికి పెద్ద పండ్ల గబ్బిలములు సహజ నిలయము; 2018 లో కేరళలో ఆ వ్యాధి ప్రాణములు తీసినది. అట్టి పండ్లను చేతితో తాకక, పారతో ఎత్తి గుంటలో పూడ్చవలెను. మంచి పండ్లను కడిగి, తొక్కతీసి తినవలెను.

అట్లని గబ్బిలములు నివసించు చెట్టును నరుకుట, పొగ పెట్టుట తగదు. ఇప్ప, బూరుగు పూవులకు పరాగమును చేర్చునవి అవియే. మర్రి, రావి విత్తనములను దూరముగా చల్లునవియు అవియే. జోలికి పోకుండ, మన పండును మనము కప్పుకొనుట చాలును.

కోతి కరచినను, గీరినను గాయమును సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి కుక్కకాటుకు వేయు టీకా వేయించుకొనవలెను. పసుపు, సున్నము పట్టించి కూర్చుండరాదు.

ఈ వారము చేయవలసినవి

తెల్లవారుజామున చెట్టుక్రిందికి పోయి, రాలినదానిని పరీక్షింపుడు, దొంగను గుర్తింపుడు. రాలిన పండ్లను ఏరి పూడ్చుడు. ఇంటి కప్పును, గోడను తాకు కొమ్మలను కొట్టివేయుడు. నిమ్మకాయంత అయిన జామ, దానిమ్మ కాయలకు సంచులు తొడుగుడు. పక్వమునకు వచ్చినవానిని రేపటికి ఉంచక నేడే కోయుడు. పంచాయతీ కార్యదర్శిని కలిసి, రాబోవు గ్రామసభలో చెత్త, తిండి పెట్టుట, కావలి అను మూడు విషయములు చర్చకు పెట్టింపుడు. మీ ప్రాంత వ్యవసాయ, ఉద్యాన సిబ్బందిని అడిగిన సంచులు, వలల విషయములో సలహా చెప్పెదరు.

పదికాయలలో రెండు ఉడుతకో చిలుకకో పోయినను చింతలేదు. మన తాతలు ఆ లెక్క వేసికొనియే చెట్టు నాటిరి. మిగిలిన ఎనిమిది పిల్లల చేతికి వచ్చునట్లు చూచుకొనుడు. అట్లయిన గొడ్డలితో పనిలేదు.