ఒక సమస్య, అనేక శాస్త్రములు

మా పై తరగతి పిల్లలు కొందరు విశ్వవిద్యాలయములో పర్యావరణ సుస్థిరత చదువుతామంటున్నారు. "అది ఏ శాస్త్రము? ఉద్యోగము దొరుకునా?" అని తల్లిదండ్రులు మమ్ములను అడుగుచున్నారు. అది ఒక్క శాస్త్రము కాదు. ఒక సమస్యను అనేక శాస్త్రములతో చూచుట.

2020 జూలై 25న మన మారిషస్ ఆగ్నేయ తీరమున, ప్వాంత్ దెస్నీ వద్ద, వకాషియో అను ఓడ పగడపు దిబ్బపై చిక్కుకొన్నది. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల ఇంధన నూనె సముద్రములో కలిసినది. మన పూర్వికులు ఏ చెరకు నరికిరో, ఆ చెరకు ఎండుటాకులనే గుడ్డ సంచులలో కూరి, జనులు నూనెకు అడ్డుకట్టలు వేసిరి.

ఆ నూనె గంధకము తక్కువగా నుండు కొత్త రకము. మడచెట్ల వేళ్లలో అది ఏమగునో తెలియుటకు రసాయన శాస్త్రము, జీవశాస్త్రము రెండును కావలెను. నష్టపరిహారమునకు న్యాయశాస్త్రము కావలెను. వకాషియో నూనె మోయు ఓడ కాదు, సరుకుల ఓడ. అందువలన నూనె ఓడల ప్రమాదములకై ఉన్న అంతర్జాతీయ పరిహార నిధి దీనికి వర్తించలేదు! వేట ఆగిన జాలరి నష్టమును లెక్కకట్టుటకు అర్థశాస్త్రము కావలెను. అతని ఇంటిలో కూర్చుండి క్రియోల్‌లో మాటలాడు ఓర్పు కూడ కావలెను. అది ఏ పుస్తకములోను దొరకదు.

అయితే ఈ చదువులో ఒక చిక్కు ఉన్నది. అన్నియు కొంచెము కొంచెము వచ్చి, ఏదియు గట్టిగా రాకపోవచ్చును. ఉద్యోగము ఇచ్చువారు మొదట అడుగునది అదే. కనుక ఒక శాస్త్రమును గట్టిగా పట్టి, తక్కినవి దానితో కలిపి చదువుమని పిల్లలకు చెప్పుచున్నాము. పాఠ్య ప్రణాళికలో గణాంక శాస్త్రము, తీరమునకు పోయి చేయు పని లేకున్నచో, చేరకముందు మాతో ఒక మాట చెప్పండి.