తీరానికి చీకటి కావాలి

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రపుటొడ్డు హోటళ్లు తలుచుకుంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు పెద్ద మేలు చేయగలవు. మొదట చేయాల్సింది దీపాలు తగ్గించడం.

జనవరి వచ్చిందంటే మన కోస్తాకు తల్లి తాబేళ్ల రాక మొదలవుతుంది. రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. ఇక పొదిగే పని ఇసుక వేడిదే. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి.

అసలు గండం అప్పుడే. పిల్లలు ఎక్కువగా రాత్రివేళే బయటపడతాయి. చీకటి తీరంలో నేలవైపు కన్నా నీటివైపు ఆకాశం తేటగా ఉంటుంది. ఆ వెలుగే వాటికి దారి. హోటల్ ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటే సముద్రాన్ని వదిలి రోడ్డువైపు పాకుతాయి. కుక్కల నోట, బండ్ల కింద పడతాయి. మిగిలినవి పొద్దెక్కాక ఎండకు మాడిపోతాయి. వెలుగున్న చోట ఒడ్డెక్కడానికి తల్లులూ జంకుతాయి.

స్విచ్ దగ్గర మొదలు

జనవరి నుంచి మే దాకా రాత్రిళ్లు సముద్రంవైపు దీపాలు ఆర్పేయాలి. నడక దారికి వెలుగు తప్పదంటే దీపాన్ని మోకాలి ఎత్తుకు దించి, నేలమీదే పడేలా కప్పు పెట్టాలి. తెల్ల ఎల్‌ఈడీ బదులు ముదురు నారింజ రంగు బల్బు వాడితే తాబేళ్లకు ఇబ్బంది తక్కువ. కిటికీలకు మందపాటి తెరలుండాలి. పొద్దుగూకగానే ఇసుకలోని కుర్చీలు, గొడుగులు లోపలికి చేరాలి. వంటగది ఎంగిలి మూతల డబ్బాల్లోకే వెళ్లాలి. దానికి మరిగిన కుక్కలు గుడ్లనూ తవ్వి తింటాయి.

గుంట కనిపిస్తే ఎవరూ చెయ్యి పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది. అటవీశాఖకు కబురు చేయాలి. తెల్లవార్లూ మేలుకొని ఉండే హోటల్ వాచ్‌మన్‌కు నాలుగు మాటలు నేర్పితే అంతకు మించిన కాపలా లేదు.

వంటగది బాధ్యత

తాబేలు గాలి పీల్చడానికి నీటిపైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. తాబేలు తప్పించుకునే ‘టెడ్’ పరికరం అమర్చిన బోట్ల రొయ్యలే కొంటామని హోటళ్లు పట్టుబడితే ఆ మాట రేవు దాకా వెళుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధాన్ని మెనూ కూడా పాటించాలి.

అతిథుల సొమ్ముతో సముద్ర జీవులను కాపాడటం కుదిరే పనేనని చాటిన చోటు జాంజిబార్ దగ్గరి చుంబే దీవి. అక్కడి పగడపు దిబ్బ 1994లో రక్షిత ప్రాంతమైంది. దాని కాపలా ఖర్చును అక్కడి 7 అతిథి కుటీరాల ఆదాయం భరిస్తోంది. ఒకప్పటి మత్స్యకారులే రేంజర్లు.

మన హోటళ్లు సముద్రాన్ని చూపించే గదికి ఎక్కువ అద్దె తీసుకుంటున్నాయి. ఆ సముద్రపు జీవులకు కొంత తిరిగి చెల్లించడం న్యాయం. గది బుక్ చేసేటప్పుడు మనమూ అడుగుదాం: ‘తాబేళ్ల కాలంలో మీ దీపాలు ఆర్పుతారా?’ అతిథులంతా అడిగే ప్రశ్నను ఏ యజమానీ పెడచెవిన పెట్టలేడు.