శంకరాభరణమునకు చెందిన స్వరకూటములు

కాలి హార్మోనియము ముందు కూర్చుండిన విద్యార్థికి, కుడిచేయి పాట నెత్తుకొనగనే, ఎడమచేయి ఏమి చేయవలెనను సందేహము కలుగును. చేతిపెట్టె యైనచో ఆ చేతికి తిత్తి యాడించు పని యున్నది. కాలితో త్రొక్కునట్టి దానియందు అది ఖాళీగా నుండును. తోచిన మెట్లు నొక్కినచో పాట చెడును. ఏవి నొక్కదగునో లెక్కవేసి తెలిసికొను మార్గమును ఇచ్చట వివరింపదలచితిమి.

ఆంగ్లేయులు మేజర్ స్కేలు అను స్వరవరుస మనవారికి క్రొత్తది కాదు. మేళకర్తలలో 29వదియగు ధీరశంకరాభరణమునందలి స్వరములే అవి. ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చినప్పుడు ఈ రాగస్వరములనే గ్రహించిరి. ఒకటవ శ్రుతిలో షడ్జము నుంచినచో ఏడు స్వరములును తెల్ల మెట్లపైననే వచ్చును.

మూడు స్వరములను ఒక్కసారి పలికించు కూటమునకు కార్డు అని పేరు. (తపాలా కార్డుతో దీనికి చుట్టరికము లేదు.) దానిని కట్టు విధము సులభము. ఒక స్వరమును పట్టి, ఒకటి విడిచి ఒకటి చొప్పున మరి రెండు కలుపవలెను. స గ ప యొకటి, రి మ ద యొకటి. ఇట్లు ని వరకు పోయినచో ఏడు కూటములు వచ్చును. వరుసలో లేని స్వరమేదియు వీనిలో చేరదు గనుక ఇవియే దానికి చెందినవి.

అయితే ఏడును ఒక్క తీరున పలుకవు. తెల్లవి, నల్లవి అన్నియు కలిపి మెట్లను లెక్కించినచో కారణము తెలియును. స ను విడిచి లెక్కింపగా గ నాలుగవ మెట్టు. గ నుండి ప మూడవది. పెద్ద అంతరము క్రిందను, చిన్నది పైనను గల ఇట్టి కూటము మేజర్. మ ద స, ప ని రి కూడ ఇట్టివే. రి నుండి మ మూడే, మ నుండి ద నాలుగు, ఇది మైనర్. దీని ధ్వనిలో కొంత విషాదము తోచును. గ ప ని, ద స గ దీని జాతివి. ని రి మ యందు రెండంతరములును మూడేసి మెట్లే. దీనిని డిమినిష్డ్ అందురు. ఇది నిలుకడ లేని ధ్వని గలది. దీనిపై పాటను ముగింపరాదు.

తొలుత మూడు మేజర్ కూటములు చాలును. స గ ప, మ ద స, ప ని రి: వీనిలో ఏడు స్వరములును వచ్చినవి చూడుడు! పాటలోని స్వరము ఏ కూటములో నున్నదో దానిని నొక్కవచ్చును. స, ప మాత్రము రెండేసి కూటములలో నున్నవి. అచ్చట చెవియే న్యాయాధిపతి.

చిక్కు శ్రుతి మారినప్పుడు వచ్చును. పిల్లలు అయిదవ శ్రుతిలో పాడిరనుకొందము. అప్పుడు ప ని రి అనగా రెండు, నాలుగున్నర, ఆరు. ఆ నల్ల మెట్టును మరచి ప్రక్కనున్న తెల్లని నాలుగును నొక్కినచో మేజర్ మైనరై, పండుగపాట ముఖము చిన్నబోవును. అందుచేత పాటకు ముందే ఆ శ్రుతిలో ఏడు స్వరముల స్థానములను కాగితముపై వ్రాసికొనుట మేలు.

మరియొక మాట. మహబూబాబాదు ప్రాంతపు ప్రార్థనాలయములలో ఇంగ్లీషు వరుసల పాటలతోపాటు, పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) వంటివారు రాగతాళములతో రచించిన కీర్తనలును పాడుదురు. 1912 నుండి 1945 వరకు డోర్నకల్ బిషప్పుగా నుండిన అజరయ్యగారు ఇట్టి దేశీయ వరుసలను ప్రోత్సహించిరి. వీనికి పై లెక్కను యథాతథముగా తగిలింపరాదు. మోహనరాగమున మ, ని లేవు. కావున ఏడు కూటములలో స గ ప, ద స గ అను రెండే అందిముడును. అట్టి కీర్తనలకు స ప మాత్రమే శ్రుతిగా పట్టి యుంచి, పాటను గాయకులకు విడుచుట ఉత్తమమని మా యభిప్రాయము.