ఏలిక విస్తరిలో ఎలుక

కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లన్న సామెత మన తరగతి గదులలో తరచుగా వినిపించును. పెద్ద ప్రయాసమునకు చిన్న ఫలితము దక్కినదని దాని తాత్పర్యము. ఈ సామెతను పుట్టించినవాడెవ్వడో గాని, అతడు ఎలుకను తినువాడు కాడని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. తినువానికి ఎలుక చిన్న ఫలితము కాదు. పొలము గట్టు త్రవ్వినచో ఎలుక దొరకును. ఎలుకతో పాటు అది దాచుకొనిన వరివెన్నులును దొరకును. నెల్లూరు సీమలోని యానాదులు తరతరములుగా కోతల కాలమున ఈ రెండింటితో కడుపు నింపుకొనుచు వచ్చిరి.

వారి పనితనము చూడదగినది. ఎలుక బొరియకు ద్వారమొక్కటి కాదు. ముందొకటి, ప్రక్క నొకటి, అవసరమునకు పారిపోవుటకై మఱియొకటి యుండును. వేటగాడు మొదట గట్టు వెంబడి నడచి, క్రొత్తగా పైకి వచ్చిన మన్నును, కాలిజాడలను చూచి, ఏ కన్నము నివాసమో ఏది పాడుపడినదో తేల్చుకొనును. తక్కిన కన్నములను మట్టితో మూసివేయును. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డిని కూరి నిప్పంటించి, కుండమూతిని బొరియ మీద బోర్లించి, అడుగు చిల్లికి నోరానించి ఊదును. పొగ బొరియలోని మూలమూలలకును ప్రాకును. పొగకు తాళలేక వెలికి వచ్చినవి వచ్చును. లోపలనే సొమ్మసిల్లినవి త్రవ్వగా దొరకును. పొమ్మనలేక పొగబెట్టుట యను మన జాతీయము ఇట్టి పనిని కన్నులార చూచినవారి నోటనే పుట్టియుండును. అయితే ఆ పొగ ఎలుకలకు మాత్రమే తగులునది కాదు. ఊదువాని కన్నులు మండును, ముఖము కమలును, ఊపిరితిత్తులు చెడును. తమిళనాట ఇదే వృత్తి చేయు ఇరుళులకు ఈ శతాబ్ది తొలి దశకమున చేతితో త్రిప్పెడి ఇనుప పొగయంత్రములను కొందరు సేవాపరులు సమకూర్చిరి. ఒక కుండకు బదులు మఱియొక డబ్బా వచ్చినది. అంతమాత్రముననే ఎందరో స్త్రీపురుషుల ఊపిరి కొంత తెరిపిన పడినది.

మన భాష ఈ జంతువును చిన్నచూపు చూడలేదు. చిన్నది ఎలుక, చిట్టిది చుంచు, పెద్దది కొక్కు, మఱింత పెద్దది పందికొక్కు. ఈ పందికొక్కన్న తెలుగు మాటయే ఆంగ్లేయుల నోట ‘బ్యాండికూట్’ అయినది. వారు ఆస్ట్రేలియాకు పోయి, అచట ఎలుకవలె కనిపించిన వేఱొక జంతువునకు, అనగా కడుపుసంచిలో పిల్లలను మోయు జాతి ప్రాణికి, ఈ పేరే పెట్టిరి. అది ఎలుకయు కాదు, పందియు కాదు. పేరు మాత్రము తెలుగుది. సంస్కృత పదములు దేశాంతరములు పోయిన కథలను విద్యార్థులు విందురు గాని, ఒక పందికొక్కు సముద్రములు దాటిన సంగతి వారికి చెప్పువారు తక్కువ.

ఇక శాస్త్రము మాట. ఏది తినదగును, ఏది తినరాదు అను విచారము మన పూర్వులకు మిక్కిలి ప్రీతిపాత్రమైన విషయము. ఐదు గోళ్లు గల ప్రాణులలో ఐదు మాత్రమే భక్ష్యములని ధర్మశాస్త్రకారుల నియమము. శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండలో, బాణము తగిలి నేలకూలిన వాలి రాముని నిలదీయుచు ఈ నియమమునే యెత్తును. శల్యకము, శ్వావిధము, ఉడుము, కుందేలు, తాబేలు — ఇవి ఐదును తినదగినవి. కోతి ఐదు గోళ్లు గలదే యైనను వానిలో చేరదు. నా మాంసము నీకు పనికిరాదు, నా చర్మము నీవు ధరింపరాదు, మఱి నన్నేల చంపితివని అతని వాదము. (మొదటి రెండును ఏదుపంది జాతివా, వేఱువా అన్నచోట వ్యాఖ్యాతల నడుమ ముండ్లే మిగిలినవి.) పతంజలి మహర్షి మహాభాష్యారంభమున ఇదే నియమమును వ్యాకరణమునకు ఉదాహరణముగా తెచ్చెను. ఐదింటిని తినవచ్చునన్నచో, తక్కినవి తినరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్లే సాధుశబ్దములను ఉపదేశించినచో అపశబ్దములేవో తామే తెలియునని ఆయన చెప్పదలచినది. మీమాంసకులు దీనినే పరిసంఖ్యా విధికి నిదర్శనముగా చూపుదురు. ఉడుమును గూర్చి పుట్టిన వాక్యము ఇట్లు వ్యాకరణమును, తర్కమును పోషించినది.

ఆకలి ముందు ఈ లెక్క నిలువదని చెప్పినవారును మన పూర్వులే. శాంతిపర్వమున విశ్వామిత్రుని కథ కలదు. పండ్రెండేండ్లు వానలు లేవు. ఆ ముని చండాలవాటికలో ఒక గుడిసెను చేరి, అచ్చట వ్రేలాడుచున్న కుక్క తొడను దొంగిలింపబోయెను. గుడిసెవాడు మేలుకొని, ఐదు గోళ్ల ప్రాణులలో ఐదే భక్ష్యములు గదా, ఇది నీకు తగదని మునికి ధర్మము బోధించెను. ప్రాణమున్నగదా ధర్మము, ముందు ప్రాణము నిలుపుకొందునని ముని బదులాడెను. ఆ సంవాదమంతటిలో శాస్త్రవాక్యమును అక్షరము తప్పక వల్లించినవాడు ఆ మాంసము తిని బ్రతుకువాడే యగుట గమనింపదగినది. మునిని తప్పుపట్టినవారు లేరు. అతడు మాంసమును వండి దేవతలకు భాగము లర్పింపబూనగా ఇంద్రుడు వాన కురిపించెనట. గుడిసెవాని కరవు ఆనాటితో తీరెనో లేదో వ్యాసుడు చెప్పలేదు.

ఎలుక ఆ ఐదింటిలో లేదు. అయినను అది కరవు తిండియే యనుకొనుట పొరపాటు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126-1138) రచించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథము ఈ సంగతిని తేటపఱచును. దీనికే అభిలషితార్థ చింతామణి యని నామాంతరము. రాజ్యము సంపాదించుట మొదలుకొని ఏనుగులను పట్టుట, చిత్రలేఖనము, సంగీతము, ఆటలు వఱకు నూఱు అధ్యాయములలో ఒక రాజు తెలిసికొనవలసినవన్నియు అందు గలవు. అన్నభోగమను భాగమున రాజుగారి వంటలు వర్ణితములు. పొలములందును ఏటి యొడ్డులందును పుట్టి బలిసిన నల్లని ఎలుకలను ఎట్లు వండవలెనో అందు స్పష్టముగా చెప్పబడినది. తోక పట్టుకొని కాగిన నూనెలో ముంచి వెండ్రుకలూడునట్లు చేసి, వేడినీట కడిగి, పొట్ట చీల్చి శుభ్రపఱచి, ఉసిరికయు ఉప్పును చేర్చి వండుట యొక విధము. ఇనుప చువ్వకు గ్రుచ్చి నిప్పుల మీద కాల్చి, ఉప్పు, జీలకఱ్ఱ చల్లుట మఱియొక విధము. ఇది ఆకలిగొన్నవాని వ్రాత కాదు. ఉప్పు ఏపాటి, ఉసిరిక ఎప్పుడు అని ఆలోచించిన రుచిజ్ఞుని వ్రాత. కల్యాణి నేటి బీదరు ప్రాంతమునందలి బసవకల్యాణము. ఆనాడు తెలంగాణమున పెక్కు సీమలు ఆ సింహాసనమునకు లోబడినవి; కాకతీయులు అప్పటికింకను ఆ చాళుక్యుల సామంతులే.

యానాది యింట వంట చూడుడు. గడ్డిమంట మీద ఎలుక వెండ్రుకలు కాల్చును, కడుగును, పొట్ట తీసివేయును, ఉప్పు పసుపు పట్టించి కూర వండును, లేదా నిప్పుల మీద కాల్చుకొనును. నూనెకు బదులు గడ్డిమంట, అంతే భేదము. రాజు తిన్నప్పుడు అది భోగము, గుడిసెలో తిన్నప్పుడు అది హీనత. ఎలుక మారలేదు, వంట మారలేదు, విస్తరి మారినది. 1870 సెప్టెంబరు నుండి మఱుసటి జనవరి వఱకు ప్రష్యా సేనలు పారిసు నగరమును ముట్టడించినప్పుడు, అచటి పెద్దమనుష్యులు ఎలుకలను, జంతుప్రదర్శనశాలలోని ఏనుగులను కూడ తినిరి. ఒక పేరుగల భోజనశాల క్రిస్మస్ నాటి వంటకముల పట్టికలో పిల్లి చుట్టు ఎలుకలను అలంకరించి వడ్డించినట్లున్నది. ఆ పట్టికను నేటికిని చమత్కారముగా చెప్పుకొందురు. దానిని బట్టి పారిసువారిని ఎలుకలు తినుజాతి యని ఎవ్వరును పిలువరు. బీహారులోనన్ననో ముసహరులకు కులము పేరే ఎలుకతో ముడిపడియున్నది. ఆ కులమున పుట్టినవారొకరు 2014లో ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైనను పేరు అట్లే నిలిచినది.

రాజ్యశాసనము ఈ లెక్కను తలక్రిందులు చేసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఉడుమును పట్టుట తీవ్రమైన నేరము. కుందేలును వేటాడుటయు, నక్షత్ర తాబేలును తాకుటయు నేరములే. వాలి వల్లించిన ఐదింటిలో చేరిన ప్రాణులు నేడు తినరానివైనవి. శాస్త్రము విడిచిన ఎలుకయో, అదే చట్టమున హానికర జంతువుల అనుసూచిలో చేరి, ఎవరైనను చంపవచ్చునన్నదయ్యెను. 2022 నాటి సవరణతో ఆ అనుసూచియే తొలగినను, ఎలుకను చంపినవానిని పట్టుకొనిపోయిన వార్త ఇంకను వినరాలేదు. ఉడుము అరుదైన ప్రాణి, దానిని కాపాడుట యుక్తమే. అడవిని నమ్ముకొనినవానికి అడవి మూసికొనిపోగా, చివరకు మిగిలినది గట్టుమీది ఎలుక.

ఆ ఎలుకకును ఇప్పుడు విషము పట్టినది. జింకు ఫాస్ఫైడు, బ్రోమాడియోలోన్ వంటి మందులను గింజలలో కలిపి కన్నములలో వేయుచున్నారు. రైతును తప్పుపట్టుటకు వీలులేదు. కొక్కు మూడు వారములకే ఈనును, ఒక్కొక్క ఈతకు ఏడెనిమిది పిల్లలను పెట్టును, వెన్నులను కిలోల కొలది బొరియకు చేరవేయును. కాని విషము తిన్న ఎలుకను తినిన పిల్లియు గుడ్లగూబయు చచ్చును. మనిషి సంగతి చెప్పనక్కఱలేదు. మందు వేసిన పొలమేదో, వేయనిదేదో గట్టుమీద నిలుచున్న యానాదికి చెప్పువారు లేరు. దీనికి తోడు ఎలుక మూత్రము కలిసిన బురదలో వట్టి కాళ్లతో దిగువానికి ఎలుక జ్వరము పట్టు భయము. గోదావరి డెల్టాలో వెదురు బుట్టలు పెట్టి ఎలుకకింత చొప్పున కూలికి పట్టువారును ఉన్నారు. పంటను కాపాడువాడు తన బ్రతుకును గండమున పెట్టి ఆ పని చేయుచున్నాడు. ఊరు అతనికిచ్చిన బిరుదు మాత్రము ‘ఎలుకలు తినువాడు’.

ఈ బిరుదు బడి లోపలికిని వచ్చును. ప్రక్కబల్ల మీదివాడు ముక్కు మూసికొని ‘మీ యింట ఏమి కూర’ అని అడిగినప్పుడు, యానాది బాలుడు తలవంచుకొనును. ఒకనాడు రాడు, మఱునాడును రాడు, పిమ్మట హాజరుపట్టీలో అతని పేరు కొట్టివేయబడును. కారణమను గడిలో పేదరికమని వ్రాయుదురు. 2011 జనాభా లెక్కల ననుసరించి ఆంధ్రదేశమున యానాదులు ఐదు లక్షలకు పైబడియున్నారు. వెన్నెలకంటి రాఘవయ్యగారు (1897-1981) తమ జీవితమును వారి కొఱకు ధారపోసిరి. 1962లో వారిని గూర్చి ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి. అనాది యన్న మాటయే యానాది యైనదని చెప్పెడివారు కలరు. ఆ వ్యుత్పత్తి నిలుచునో నిలువదో పండితులు తేల్చుకొందురు గాక. పాఠములో అన్నభోగము చదివిన ఉపాధ్యాయునికి ఆ బాలుని ముందు మూసికొనవలసిన ముక్కు ఉండదు.

కోతలైన పొలమున ప్రొద్దు వాలు వేళకు త్రవ్వకము ముగియును. ఎలుకలను తోకలు కలిపి కట్టగా కట్టుదురు. స్త్రీలు బొరియ అడుగున చేయిపెట్టి, మట్టిలో కలిసిన వెన్నులను గుప్పిళ్లతో పైకి తీసి చేటలో పోసి చెరుగుదురు. మన్నుపోగా మిగిలిన గింజలను కడిగి, మఱునాటి యెండకు ఆరవేసి, దంచుకొందురు. ఆ రాత్రి కూరతో పాటు అన్నము కూడ ఎలుక ఇంటినుండియే.