ఊపిరికి గోడ కట్టిన తోలు బెల్టు

ఆత్మకూరులో అయినా ఉదయగిరిలో అయినా జిమ్ములో డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టిన కుర్రవాళ్ళు కొన్నాళ్ళకే ఒక మాట అడుగుతారు: "నడుం పట్టేస్తోందన్నా, బెల్టు పెట్టుకుంటే సరిపోతుందా?" నేల మీది ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టి, నిటారుగా నిలబడేదాకా లేపడమే డెడ్‌లిఫ్ట్. చూడ్డానికి తేలిక, నడుముకు పెద్ద పరీక్ష. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేస్తే నష్టపోయేది అడిగినవాడే. ఆ బెల్టు చేసే పనేమిటో, దాని మీద పెట్టుకున్న నమ్మకాల్లో ఏవి నిలిచాయో, ఏవి వీగిపోయాయో తెలుసుకుంటే జవాబు దానంతటదే తేలుతుంది.

తోలుకు ముందు

బరువెత్తేముందు నడుముకు ఏదో ఒకటి బిగించడం మనకు కొత్త కాదు. ధాన్యం బస్తాలు లారీకెక్కించే హమాలీలు తలకు తుండు చుట్టినట్టే నడుముకూ ఓ తుండు బిగిస్తారు. వెనకటి బంట్లకు దట్టీ ఉండేది. గుడ్డతో మొదలైన ఈ అలవాటే తర్వాత తోలుకు మారింది.

అసలు బలం గుడ్డలో ఉందా, లోపల బిగబట్టిన ఊపిరిలో ఉందా? 1882లో వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, నిండా గాలి పీల్చి, ఆ గొలుసును తెంచేవారు. ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకునేవారు. తన శక్తికి ప్రాణాయామమే మూలమని చెప్పేవారు. గాలి నింపి బిగించిన మొండెం ఎంత గట్టిదో తెలుగువాళ్ళు కళ్ళారా చూసింది ఆయన ప్రదర్శనల్లోనే. బెల్టు కథకు అసలు మొదలు ఆ ఊపిరి దగ్గరే ఉంది.

వెనక వెడల్పు, ముందు సన్నం

ఇరవయ్యో శతాబ్దంలో వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్ క్రీడగా స్థిరపడ్డాక తోలు బెల్టు వేదిక మీదికొచ్చింది. అప్పట్లో పోటీలో మూడు లిఫ్టులు: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. కృష్ణా జిల్లా గండిగుంటలో పుట్టి, భారత టార్జాన్‌గా పేరుపొందిన దండమూడి రాజగోపాలరావు పోటీపడింది ఆ కాలంలోనే. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ప్రెస్‌లో బరువును భుజాల మీంచి పైకి నెట్టేటప్పుడు లిఫ్టర్లు రానురాను వెనక్కి విల్లులా వంగిపోయేవాళ్ళు. నడుము మీద భారం పెరిగింది, ఏది సరైన లిఫ్టో తేల్చడం న్యాయనిర్ణేతలకు కష్టమైంది. చివరికి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్‌ను తీసేశారు. అదే ఏడాది అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఏర్పడి, డెడ్‌లిఫ్ట్‌కు ప్రపంచస్థాయి పోటీల్లో చోటిచ్చింది.

పాతకాలపు బెల్టుల్లో చాలావాటికి వీపు వైపు వెడల్పు ఎక్కువ, పొట్ట దగ్గర సన్నం. బెల్టు నడుమును వెనక నుంచి పట్టి నిలబెడుతుందన్న నమ్మకం ఆ ఆకారంలోనే కనిపిస్తుంది. ఇప్పుడు పవర్‌లిఫ్టర్లు కట్టేది చుట్టూ ఒకే వెడల్పున్న బెల్టు. నియమాల ప్రకారం దాని వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించకూడదు. పొట్ట దగ్గర కూడా అంత తోలు ఎందుకు అవసరమైందో చెప్పాలంటే నడుము లోపలికి వెళ్ళాలి.

డిస్కు మీద రెండు పుట్ల బరువు

నడుములో ఐదు వెన్నుపూసలు, వాటి మధ్య డిస్కులు ఉంటాయి. డిస్కు నడిమధ్య గుజ్జు, చుట్టూ పీచు పొరలు. పీచు చిరిగి గుజ్జు బయటికి తోసుకొచ్చి నరాన్ని నొక్కితే నొప్పి కాలి దాకా దిగుతుంది. డిస్క్ జారిందని మనం అనేది దీన్నే. 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ ఈ సంగతిని స్పష్టంగా ప్రకటించారు.

ముందుకు వంగి బరువు పట్టుకున్నప్పుడు వీపు కండరాలు డిస్కుకు సుమారు 5 సెంటీమీటర్ల వెనక నుంచి లాగుతాయి. 75 కిలోల బరువు డిస్కుకు 40 సెంటీమీటర్లు ముందుంటే, దాన్ని ఆపడానికి ఆ కండరాలు 600 కిలోల బలంతో లాగాలి. అదే బరువు 20 సెంటీమీటర్ల దూరానికి వస్తే 300 కిలోల బలం చాలు. ఆ లాగుడంతా డిస్కును నొక్కుతుంది. వంగిన ఒంటి బరువు దానికి అదనం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో చోలెవికి, మెక్‌గిల్, నార్మన్ 1991లో పవర్‌లిఫ్టర్ల నడుము మీది ఒత్తిడిని లెక్కగడితే గరిష్ఠంగా 17,192 న్యూటన్లు తేలింది. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. రెండు పుట్ల ధాన్యం కన్నా ఎక్కువ బరువు ఆ చిన్న డిస్కు మీద పడిందన్నమాట.

ఇంత భారాన్ని వెన్ను ఒంటరిగా మోయదు. నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు పైనుంచి ఉదరవితానం కిందికి దిగుతుంది, చుట్టూ పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, కింద కటి కండరాలు ఆపుతాయి. పొట్టలో ఒత్తిడి పెరిగి మొండెం గట్టిపడుతుంది. ఈ ఒత్తిడే డిస్కుల మీది భారాన్ని తగ్గిస్తుందని 1957లో బార్టెలింక్ ప్రతిపాదించాడు. అయితే ఆ ఒత్తిడి పుట్టించడానికి బిగుసుకునే పొట్ట కండరాలు కూడా వెన్నును కొంత నొక్కుతాయని, కాబట్టి భారం తగ్గడం కన్నా వెన్ను కదలకుండా నిలవడమే అసలు లాభమని తర్వాతి పరిశోధకులు సవరించారు.

బెల్టు పని చేసేది సరిగ్గా ఇక్కడే. ఉబ్బబోయే పొట్టకు అది బయటి గోడ. పొట్ట ఆ గోడను నెడితే లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 1989లో హార్మన్ బృందం తొమ్మిది మందిచేత వాళ్ళ గరిష్ఠ బరువులో 90 శాతంతో డెడ్‌లిఫ్ట్ చేయించి కొలిస్తే, బెల్టుతో పొట్టలో ఒత్తిడి ముందుగానే మొదలై, ఎక్కువ స్థాయికి చేరింది. పొట్టను నెట్టడం తెలియనివాడు ఎంత ఖరీదైన బెల్టు కట్టినా ఈ లాభం దక్కదు.

దుకాణాల్లోకి దిగిన బెల్టు

జిమ్ములో పేరు తెచ్చుకున్న బెల్టు అమెరికాలో గోదాముల్లోకి, దుకాణాల్లోకి దిగింది. సరుకులు మోసే పనివాళ్ళకు యజమానులు నడుము బెల్టులు పంచారు. అవి నడుమును కాపాడతాయని ఆశపడ్డారు. ఆ దేశపు వృత్తి భద్రతా ఆరోగ్య పరిశోధన సంస్థ 1994లో ఉన్న ఆధారాలన్నీ చూసి, నడుం నొప్పి లేని కార్మికులకు గాయం కాకుండా బెల్టు అడ్డుకుంటుందని చెప్పలేమంది. తర్వాత 30 రాష్ట్రాల్లో కొత్తగా తెరిచిన 160 దుకాణాల్లో 9,377 మంది ఉద్యోగులను ఇంటర్వ్యూ చేశారు. 2000లో వెలువడిన ఫలితం తేటతెల్లం: రోజూ బెల్టు కట్టినవాళ్ళకూ, కట్టనివాళ్ళకూ నడుం నొప్పిలో గానీ గాయాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

హార్మన్ బృందం ఫలితానికీ, ఈ దుకాణాల ఫలితానికీ పొత్తు కుదురుతుంది. పెద్ద బరువు ఒక్కసారి ఎత్తే కొన్ని క్షణాల్లో, ఊపిరి బిగబట్టడం నేర్చినవాడికి బెల్టు సాయపడుతుంది. పొద్దంతా కట్టుకుని తిరిగితే అది నడుముకు కవచం కాదు.

నొప్పి ఉన్నవాడు ఏం చేయాలి?

నడుం నొప్పి వస్తే ఇక డెడ్‌లిఫ్టే వద్దని కొట్టిపారేయనక్కర్లేదు. 2015లో స్వీడన్ పరిశోధకులు నడుం నొప్పి ఉన్న 70 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు డెడ్‌లిఫ్ట్, రెండో జట్టుకు తక్కువ భారంతో కదలికలను అదుపులో పెట్టుకునే వ్యాయామాలు నేర్పించారు. రెండు జట్లకూ నొప్పి తగ్గింది. డెడ్‌లిఫ్ట్‌తో బాగా మేలు పొందినవాళ్ళు మొదట్లో నొప్పి తక్కువగా ఉన్నవాళ్ళు, వీపు కండరాలకు ఓపిక ఎక్కువగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు లిఫ్టు నేర్పింది ఫిజియోథెరపిస్టులు.

కాబట్టి నొప్పి ఉన్నవాడు తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం బెల్టు గురించి కాదు, బరువు గురించి. నొప్పి కాలిలోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కినా, బలం తగ్గినా కడ్డీ ముట్టకుండా డాక్టరును కలవాలి. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. అలాంటివేమీ లేకపోతే తేలిక బరువుతో, బెల్టు లేకుండా, కడ్డీని కాళ్ళకు ఆనించి లేపడం నేర్చుకోవాలి. పొట్ట నిండా ఊపిరి నింపి బిగించడం అలవాటు కావాలి. బెల్టు పెట్టుకుంటేనే నొప్పి లేకుండా లేస్తోందంటే ఆ బరువు ఇప్పుడు మీది కాదు. దాన్ని దించేయండి. నొప్పి తగ్గి, లేపే తీరు కుదిరి, గరిష్ఠానికి దగ్గరైన బరువులకు చేరాక బెల్టు వాడొచ్చు. అప్పుడు కూడా పొట్ట నెట్టడానికి చోటుండేట్టు బిగించి, లిఫ్టు కాగానే వదులు చేయాలి. రక్తపోటు, హెర్నియా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఊపిరి బిగబట్టి పెద్ద బరువెత్తేటప్పుడు రక్తపోటు విపరీతంగా పెరుగుతుంది. బెల్టు దాన్ని మరికొంత పెంచుతుంది.

జిమ్ములో కుర్రవాడికి ఒక వెసులుబాటుంది: నొప్పి వస్తే కడ్డీ మీంచి రెండు బిళ్ళలు తీసేయగలడు. 75 కిలోల బస్తా మోసే హమాలీకి ఆ వీలు లేదు. వయోజనుడైన మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. దుకాణాల పరిశోధన చెప్పిన పాఠమూ అటువైపే చూపిస్తోంది. హమాలీ నడుం నిలవాలంటే అతనికి బెల్టు కొనిచ్చి ఊరుకుంటే చాలదు, బస్తా బరువు తగ్గించాలి. అది ధాన్యం కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి తలచుకుంటే అయ్యే పని.