సృష్టి విశ్వాసము - విశ్వారంభ సిద్ధాంతము: జార్జ్ లెమైత్ర్ నేర్పే పాఠం

విశ్వానికి ఆరంభం ఉన్నదని విజ్ఞానశాస్త్రమే ఒప్పుకున్నది గనుక ఆదికాండము 1:1 రుజువైనదని మనం ప్రసంగాలలో వింటుంటాం, కొన్నిసార్లు మనమే చెబుతుంటాం. అయితే ఆ సిద్ధాంతానికి ఆద్యుడైన శాస్త్రజ్ఞుడు, తానే ఒక గురువై యుండి కూడా, ఇటువంటి వాదనను సమ్మతించలేదు. ఎందుకో పరిశీలిద్దాం.

జార్జ్ లెమైత్ర్ (1894-1966) బెల్జియం దేశస్థుడు. 1923లో రోమన్ కతోలిక గురువుగా అభిషేకం పొందాడు. 1927లో, ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతపు సమీకరణాల ఆధారంగా, విశ్వం వ్యాకోచిస్తున్నదని ఒక వ్యాసంలో వివరించాడు. ఐన్‌స్టీన్ ఆ లెక్కలను తప్పుపట్టలేదు గాని ఆ భావనను అప్పట్లో అంగీకరించలేదు. గెలాక్సీలు ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా తొలగిపోతున్నాయని 1929లో ఎడ్విన్ హబుల్ చూపాడు. 1931లో లెమైత్ర్ మరో అడుగు ముందుకు వేసి, విశ్వమంతా ఒక 'ఆది పరమాణువు' నుండి విస్తరించిందని ప్రతిపాదించాడు. నేటి మహా విస్ఫోటన సిద్ధాంతానికి (బిగ్ బ్యాంగ్) ఇదే మూలం.

1951 నవంబరులో పోప్ 12వ పయస్, ఆధునిక శాస్త్రం సృష్టికి సాక్ష్యమిస్తున్నదనే భావంతో ప్రసంగించాడు. లెమైత్ర్ సంతోషించలేదు సరికదా, కలవరపడ్డాడు. తన సిద్ధాంతం మత సంబంధమైన ప్రశ్నలకు వెలుపలిదని 1958లో కూడా స్పష్టం చేశాడు.

ఆయన వైఖరిలో మనం రెండు సంగతులు గమనించాలి. మొదటిది, పదార్థం తొలి స్థితి నుండి ఎలా మారుతూ వచ్చిందో భౌతికశాస్త్రం చెబుతుంది. అసలు సమస్తము ఎవరి మీద ఆధారపడి ఉనికిలో ఉన్నదో సృష్టి సిద్ధాంతం చెబుతుంది. లోకానికి ఆరంభమున్నదని తర్కంతో రుజువు చేయలేమని, అది విశ్వాసం వలన తెలిసేదని 13వ శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ బోధించాడు. రెండవది, సిద్ధాంతాలు మారవచ్చు. 1948లో వెలువడిన స్థిరస్థితి సిద్ధాంతం విశ్వానికి ఆరంభమే లేదన్నది. 1965లో విశ్వ నేపథ్య వికిరణం వెల్లడైన తరువాతే అది వెనుకబడింది. ఒకవేళ అదే నెగ్గి ఉంటే ఆదికాండము అబద్ధమయ్యేదా?

మన సంఘాలలోని యౌవనస్థులు ఈ పాఠాలను కళాశాలలో చదువుతున్నారు. వారి విశ్వాసాన్ని ఒక సిద్ధాంతానికి ముడివేస్తే, పాఠ్యపుస్తకం మారిన రోజున వారు దేనిమీద నిలుస్తారు? సృష్టిని గూర్చిన గ్రహింపు విశ్వాసమూలముగా కలుగుతుందని హెబ్రీ 11:3 బోధిస్తున్నది. కాబట్టి శాస్త్ర పరిశోధనను గౌరవిద్దాం, దాని ఫలితాలకు ఆశ్చర్యపడి దేవుని స్తుతిద్దాం. వాక్యానికి పునాదిగా మాత్రం దానిని వాడవద్దు.