మూర్ఛయు మెదడును



పల్లెలలో ఫిట్సు అనియు, కాకిసొమ్మ యనియు, మూర్ఛ యనియు పిలువబడు రోగమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. దీనిని చక్కగా గ్రహించినవారికి నిద్ర యేల చెడునో, మనస్సు నిష్కారణముగా నేల క్రుంగునో, దాంపత్యమున అనురాగ మేల సన్నగిల్లునో యను సంశయములు కూడ కొంత తీరును. ఏలయన, ఈ నాలుగింటికిని మెదడే స్థానము.

మన పూర్వులు దీనిని అపస్మార మనిరి. స్మృతి తొలగిపోవుట యని ఆ పదమున కర్థము. నటరాజమూర్తి పాదము క్రింద నణగియున్న మరుగుజ్జునకును ఆ పేరే. చరకసంహిత దీనిని వాత పిత్త కఫ సన్నిపాతముల ననుసరించి నాలుగు విధములుగా విభజించి చికిత్స చెప్పినది. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి, సుమారు 2,400 సంవత్సరముల క్రిందట, ఇది దేవతల యాగ్రహము కాదనియు, మెదడున పుట్టు వ్యాధియే యనియు వాదించినది. కాబట్టి దీనిని రోగమనుట నేటివారు తెచ్చిన క్రొత్త మాట కాదు.

మనుష్యుని మెదడు ఇంచుమించు 1,400 గ్రాముల బరువుండును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఇవి స్వల్పమైన విద్యుత్సంకేతములచేతను, రసద్రవ్యములచేతను ఒకదానితో నొకటి మాటలాడుకొనును. బడిలో పిల్లలు వంతులవారీగా చదివినచో పాఠము సాగును. అందఱు నొక్కసారిగా కేకలు వేసినచో నేమగును? అట్లే కణసమూహములు ఒక్కుమ్మడిగా మితిమీరి సంకేతములు పంపినపుడు మూర్ఛ వచ్చును. ఆ కల్లోలము పుట్టిన చోటును బట్టి లక్షణము మారును. చేతిని నడపు భాగమున పుట్టినచో చేయి కొట్టుకొనును. చూపునకు సంబంధించిన చోట పుట్టినచో మెఱుపులు కనబడును. కణతల లోపలి భాగమున పుట్టినచో కారణము లేని భయమో, లేని వాసనయో తోచును. రోగి పెదవులు చప్పరించుచు, పిలిచినను పలుకకుండును. మెదడంతయు నావరించినచో నేలగూలి కాలుసేతులు కొట్టుకొనును. కొందఱు పిల్లలు పాఠము నడుమ కొన్ని సెకండ్లు శూన్యముగా చూచి, మరల తేఱుకొందురు. దానిని పరధ్యానమని బెత్తము పట్టుకొనరాదు. అదియు మూర్ఛయందలి యొక భేదము కావచ్చును.

1870 ప్రాంతమున ఇంగ్లండులో జాక్సను అను వైద్యుడు, కొట్టుకొనుట బొటనవ్రేలి నుండి చేతికి, చేతి నుండి ముఖమునకు ప్రాకు క్రమమును పరిశీలించి, మెదడున ఒక్కొక్క యవయవమునకు ఒక్కొక్క చోటు కలదని తర్కించెను. జర్మనీలో హాన్సు బెర్గరు 1924లో మనుష్యుని మెదడు విద్యుత్తును తొలిసారి గీతలుగా పట్టి, 1929లో లోకమునకు ప్రకటించెను. నేడు ఆసుపత్రులలో చేయు ఈ.ఈ.జీ. పరీక్ష అదియే.

ఇక నిద్రను గూర్చి. 1916, 1917 సంవత్సరములలో ఐరోపాయందు ఒక వింత మెదడువాపు వ్యాపించెను. రోగులలో కొందఱు దినములకొలది నిద్రలో మునిగియుండిరి. కొందఱికి కనుఱెప్ప మూతపడలేదు. వియన్నా నగరమున ఎకొనొమో అను వైద్యుడు మృతుల మెదళ్లను పరీక్షించి, అడుగుభాగమున ఒక చిన్న ప్రదేశము ముందువైపు చెడినచో నిద్రలేమియు, వెనుకవైపు చెడినచో అతినిద్రయు కలుగునని తెలిపెను. ఆ ప్రదేశమునకు హైపోథాలమసు అని పేరు. ఆకలి, దప్పిక, దేహోష్ణము కూడ దాని యధీనములే. నిద్ర చాలనపుడు మెదడు త్వరగా కల్లోలపడును. కావున మూర్ఛరోగి శివరాత్రి జాగరమును, తెల్లవార్లు జాతరలో మేలుకొనుటను విడువవలెను. ఉపవాసదినమని మందు మానరాదు.

ఆ హైపోథాలమసే తన క్రింద వ్రేలాడు బఠానిగింజంత పీయూషగ్రంథి ద్వారా, యౌవనారంభమున స్త్రీపురుషుల బీజగ్రంథులను మేల్కొల్పును. కామేచ్ఛ మెదడునందలి ఇతర భాగములపై కూడ ఆధారపడును. 1937లో షికాగో నగరమున క్లూవరు, బ్యూసీ అనువారు కోతులకు ఇరుప్రక్కల కణతల లోపలి భాగములను తొలగింపగా, అవి పామును చూచియు భయపడక, మితిలేని కామచేష్టలకు లోనయ్యెను. మనుష్యులలో ఆ భాగమున మూర్ఛ పుట్టువారిలో కొందఱికి ఇచ్ఛ తగ్గుట కలదు. కొన్ని మందులవలనను తగ్గవచ్చును. ఆలుమగలు ఒకరినొకరు నిందించుకొనుటకు ముందు ఈ సంగతి సిగ్గుపడక వైద్యునితో చెప్పవలెను.

మనోవ్యాధులును ఇట్టివే. దిగులురోగమున నిద్ర, ఆకలి, ఇచ్ఛ, ఆశ యన్నియు నొక్కటొక్కటిగా క్షీణించును. ఉద్రేకరోగమున మనిషి నిద్ర లేకయే హుషారుగా తిరుగును, డబ్బు వెదజల్లును, హద్దులు మీఱును. కొందఱి కీ రెండును వంతులవారీగా వచ్చును. లిథియము అను ధాతువు యొక్క లవణము ఉద్రేకమును శమింపజేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడు ప్రకటించెను. అది నేటికిని వాడుకలో నున్నది. మూర్ఛరోగులలో దిగులు ఇతరులలో కంటె హెచ్చు. లోకనిందతో పాటు మెదడునందలి మార్పును అందులకు కారణము. చావు మాట లాడువానిని సోమరియని గద్దింపక, ఒంటరిగా విడువక, వైద్యునియొద్దకు తోడ్కొనిపోవలెను.

పెద్దలు చేయవలసినదేమి? నేను బడులలో పనిచేసిన కాలమున, పడిపోయిన పిల్లవాని చేతిలో తాళపుగుత్తి పెట్టుట పలుమారులు చూచితిని. మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో తనంతట తానే యాగును గనుక ఆ కీర్తి ఇనుమునకు దక్కినది. రోగిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. తల క్రింద మెత్తని గుడ్డ పెట్టుడు. నోట నేమియు పెట్టకుడు. కాలుసేతులు అదిమి పట్టకుడు. అయిదు నిమిషములు దాటినచో 108 బండిని పిలువుడు. ఈ రోగ మంటునది కాదు. తలగాయము, ప్రసవకాలమున బిడ్డకు కలుగు ప్రాణవాయులోపము, మెదడువాపు, పక్షవాతము మొదలైనవి దీనికి కారణములు. మలినమైన నీటివలనను, చేతులవలనను కడుపులో చేరిన బద్దెపురుగు గ్రుడ్లు పిల్లలై మెదడు చేరుటవలనను ఇది వచ్చును. కావున మరుగుదొడ్డి, చేతులు కడుగుకొనుట దీనికి కూడ రక్షయే. క్రమముగా మందు వాడినచో నూటికి 70 మంది వఱకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. వైద్యుడు చెప్పక మందు మానినచో మూర్ఛలు మరల తీవ్రముగా వచ్చును.

చివరి మాట వివాహమును గూర్చి. 1976లో హిందూ వివాహ చట్టమున మాటిమాటికి మూర్ఛ వచ్చుటను వివాహమున కడ్డంకిగా చేర్చిరి. 1999లో దానిని తొలగించిరి. చట్టము విడిచిన యడ్డంకిని మన రచ్చబండ నేటికిని విడువకున్నది. ఆ భయముచే తలిదండ్రులు ఆడపిల్ల రోగమును దాచుదురు. అత్తవారియింట మందు దాచి మ్రింగలేక ఆమె మానివేయును. మూర్ఛ మరల వచ్చును. పొయ్యికడ పడును, నీళ్లలో పడును. దాపరికము వలదు, వెలివేతయు వలదు. ముందే యెఱిగించినవారిని ఆదరింపుడు. మధుమేహమునకు మందు మ్రింగు కోడలిని ఏలుకొను ఇల్లు, మూర్ఛకు మందు మ్రింగు కోడలిని ఏల ఏలుకొనరాదు? మీ యూర ఈ మాట మొదట మీరే పలుకవలెను. పెద్దలు పలికిననే పిన్నలు విందురు.